తెల్లబట్టల గుడి

మొన్న ఆదివారం పప్పు పొయ్యి మీద ఉండగా ఫోన్ మోగింది. అవతల ఎవరో కుర్రాడు. చాలా మర్యాదగా ముందు నా ఆరోగ్యం, ఆ తర్వాత అమ్మానాన్నల ఆరోగ్యం అడిగి, మీ తాతగారు ఎప్పుడు పోయారండీ అన్నాడు. ఏ తాత అన్నాను. మీ అమ్మగారి నాన్నగారండీ అన్నాడు. నాకు ఒక్కసారి ఒళ్ళు మండింది. నా చిన్నతనమంతా మా ఇంట్లో ఉతికి, ఆరేసి, మళ్ళీ తడిపి, మళ్ళీ ఆరేసిన ప్రశ్న అది. ఆ ప్రశ్న మీద అమ్మ అలిగింది, అమ్మమ్మ అలిగింది, నాన్న ఇద్దరి మధ్యా నలిగాడు, మధ్యలో కబుర్లు మోయలేక నేను చచ్చాను. ఎప్పుడో చల్లారిపోయిందనుకున్న ఆ తంటా మళ్ళీ వెతుక్కుంటూ నా వంటింట్లోకే వచ్చింది. ఆ కుర్రాడు అమ్మ వెళ్ళే సంఘం వాడు. ఇన్నాళ్ళకి మన దేశంలోనే వాళ్ళ గుడి కడుతున్నారట. ప్రతిష్ఠ అయ్యేలోపు ఎవరి పెద్దల పేర్లు వాళ్ళు సిద్ధం చేసుకోవాలట. అమ్మ చెప్పిన పేర్లలో ఒక్క తాత దగ్గర మాత్రం ఆయన పోయిన సంగతి తేలడం లేదట. అమ్మనే అడగకపోయావా బాబూ అంటే, అడిగానండీ, మా అమ్మాయిని అడుగు, దానికే అన్నీ తెలుసు అన్నారండీ అన్నాడు. సాయంత్రం చెయ్యమని పెట్టేశాను. అప్పటికి పప్పు అడుగంటింది.

నాకే అన్నీ తెలుసట. చెబుతాను, వినండి. మా నాన్నది గోదావరి జిల్లా. స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజుల్లో వెల్డింగ్ పనికని వచ్చాడు. ఆ పని అయిపోయాక కూడా ఊరు వదలక, ఆటోనగర్‌లో రేకుల షెడ్డు వేసుకుని గేట్లూ గ్రిల్సూ చేసేవాడు. అమ్మ సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళుండే జాలారిపేట పిల్ల. పడవ ఇంజనుకి కింద బిగింపులు అతకడానికి పేటకి వెళ్ళినప్పుడు నాన్న అమ్మని చూశాడు. పెళ్ళయ్యాక అటు గోదావరి వాళ్ళూ ఇటు పేటవాళ్ళూ కూడా చాలాకాలం ముఖాలు చిట్లించుకునే ఉన్నారు. మేము గాజువాకలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు కొట్టుకునేవి. ఒకటి నాన్న బట్టల్లోంచి వచ్చే కాలిన ఇనుము వాసన, రెండోది అమ్మమ్మ గంపలో తెచ్చి పడేసే ఎండు నెత్తళ్ళ చేపల వాసన. స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్ల ఈ రెండింటిలో దేనికి ముక్కు మూసుకునేదో నాకు ఇప్పటికీ తెలీదు.

నేను హైస్కూల్లో ఉండగా, తెల్లచొక్కా, టై, జేబుకి నల్ల పేరుబిళ్ళ పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు సైకిలు క్యారియర్ విరిగిందని నాన్న షెడ్డుకి వచ్చారు. నాన్న అతికి ఇచ్చాడు. వాళ్ళు వెంటనే వెళ్ళిపోకుండా, టై భుజం మీదకి విసురుకుని, పెద్ద గేటొకటి లారీలోకి ఎక్కిస్తుంటే తలో చెయ్యీ వేశారు. అడక్కుండా బరువు పట్టుకున్నవాణ్ణి మా నాన్న జన్మలో మర్చిపోడు. ఆ కృతజ్ఞతతో వాళ్ళని ఇంటికి తీసుకొచ్చి మంచినీళ్ళిచ్చాడు. వాళ్ళు పుస్తకం ఇచ్చారు. వాళ్ళది క్రైస్తవుల్లోనే ఒక శాఖ అనీ, మోర్మన్లు అంటారనీ తర్వాత తెలిసింది. నాన్న గేటు చూసి చేరాడు గానీ, అమ్మ మాత్రం ఒక్క మాటకి పడిపోయింది. చావుతో కుటుంబం విడిపోదు, వాళ్ళ గుడిలో కట్టిన ముడి అవతల కూడా ఉంటుంది అని ఆ కుర్రాళ్ళు చెప్పారు. అమ్మ చేతిలో చాట పట్టుకుని బియ్యం ఏరుతోంది. ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. ఆ పూట బియ్యంలో రాళ్ళు అలాగే ఉండిపోయాయి, అన్నం తింటుంటే తెలిసింది.

ఆనాటినుంచీ మా ఇంటి పద్ధతే మారిపోయింది. టీ మానేశారు, కాఫీ మానేశారు. గాజువాకలో, వెల్డింగ్ షెడ్డు నడిపే మనిషి ఇంట్లో టీ లేదంటే ఎవరు నమ్ముతారు? నాన్న దగ్గరికి బేరానికి వచ్చినవాళ్ళకి అమ్మ నిమ్మకాయ నీళ్ళిచ్చేది. వాళ్ళు తాగి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు. నెలకొక ఆదివారం ఉపవాసం. సోమవారం సాయంత్రం అందరం చాప మీద కూర్చుని పాట పాడాలి, ఒక మంచి మాట చెప్పుకోవాలి, ఆట ఆడుకోవాలి. ఆ ఇంట్లో పిల్లని నేనొక్కదాన్నే కాబట్టి పాటా, మాటా, ఆటా అన్నీ నా ప్రాణానికే. సరిగ్గా అదే వేళకి పక్కింటి టీవీలోంచి సీరియల్ పాట వినిపించేది. నేను గోడకి చెవి ఆనించి కూర్చుంటే నాన్న నా చేతిలో పాటల పుస్తకం పెట్టేవాడు. అమ్మమ్మ వచ్చిన రోజు మాత్రం నాకు పండగ. ఆవిడ గంప దించీ దించగానే, ఈ ఇంట్లో మనిసి తాగేది ఏదీ నేదు అని, నన్ను తీసుకుని సందు చివర బడ్డీకి పోయి, తనకో టీ, నాకో బన్ను చెప్పేది.

అమ్మమ్మ పేరు పోలమ్మ. నల్లగా, పొట్టిగా, నడిస్తే గంప కదలనంత నిటారుగా ఉండేది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, రెండు చేతులా గాజులు, కాళ్ళకి మెట్టెలు. ఈ బొట్టూ గాజులే పేటలో పెద్ద తగువు. ఎందుకంటే తాత సముద్రం మీద చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పటి మాట అది. ఆయన ఎక్కిన ఒక్క పడవే రాలేదు. చెక్క దొరకలేదు, వల దొరకలేదు, మనిషి దొరకలేదు. కొన్నాళ్ళకి పేట పెద్దలు వచ్చి కర్మ చెయ్యమన్నారట. ఎవరికి అని అడిగిందట అమ్మమ్మ. పోయాడని వేలిముద్ర వేస్తే ఏదో సాయం వస్తుందని ఆఫీసువాళ్ళు వచ్చి చెబితే, వాళ్ళకి మంచినీళ్ళిచ్చి పంపేసిందట. ఎవరు ఎలా తిప్పి అడిగినా ఆవిడ దగ్గర ఉన్నది ఒక్కటే జవాబు. "కబురు రానేదు కదా" అనేది. పెళ్ళిళ్ళలో ముత్తైదువుల వరసలోకి తోసుకుని వెళ్ళి కూర్చునేది. లేవమంటే రభస చేసేది. మా క్లాసులో ఎవరి అమ్మమ్మా ఇలా కాదు, నాకే ఎందుకు ఇలాంటిది దొరికిందని నేను విసుక్కునేదాన్ని. పైగా ఆవిడ తాత పేరు నోటితో పలకదు. తాత పేరు అప్పన్న. అందుకని సింహాచలం దేవుణ్ణి కూడా పేరు పెట్టి పిలవదు. కొండమీద సామి అనేది. ఆటోలవాళ్ళతో కూడా కొండమీద సామి దగ్గరికి అనే చెప్పేది, ఏ కొండ అని వాళ్ళు అడిగితే తిట్టేది.

ఇక నాన్న సంగతి. మా సంఘం వాళ్ళు ఆదివారం కూడుకునే అద్దె మేడ చర్చి మాత్రమే, గుడి కాదు. గుడి వేరు. అది దేశానికి ఒకటి ఉంటే గొప్ప, మన దేశంలో అప్పటికి లేనే లేదు. దగ్గర్లో ఉన్నది హాంకాంగ్‌లో. ఆ గుడి కట్టడం, తెరవడం గురించి వాళ్ళ పత్రికలో బొమ్మలతో సహా వచ్చింది. ఇనుము పనివాడికి కట్టడం బొమ్మ చేతికిస్తే ఇంకేముంది? నాన్న ఆ పత్రికని షెడ్డుకీ ఇంటికీ తిప్పి తిప్పి నూనె మరకలతో నింపాడు. ముందు ఆ నేలని ప్రార్థన చేసి పార వేస్తారు, అది బాగానే ఉంది, మన శంకుస్థాపన లాంటిదే అన్నాడు. కానీ మూలరాయిని ప్రతిష్ఠ రోజున, కట్టడం మొత్తం అయిపోయాక పెడతారని చదివి అన్నం మానేసినంత పని చేశాడు. "గోడ లేచాక మూలరాయి ఎలా పెడతారండీ? ఆయ్, ముందు దాన్ని ఎక్కడ దాచారు?" అని ఆ కుర్రాళ్ళని నిలబెట్టి అడిగాడు. అది గుర్తుగా పెట్టే రాయి, క్రీస్తే మూలరాయి అని చెప్పుకోవడానికి అన్నారు వాళ్ళు. గుర్తు సంగతి సరే, గోడ సంగతి చెప్పండి అన్నాడు నాన్న. ప్రతిష్ఠలో అందరూ లేచి నిలబడి తెల్లని చేతిరుమాళ్ళు ఊపుతూ హోసన్నా అంటారని చదివి, ఆ వారమే నాకూ అమ్మకీ తనకీ తెల్ల రుమాళ్ళు కొన్నాడు. వాటిని వాడనిచ్చేవాడు కాదు. నాకు జలుబు చేసినా సరే.

అంతకన్నా వింత ఇంకోటి ఉంది. మనం ఇల్లు కడితే గృహప్రవేశం దాకా ఎవరినీ పిలవం, ఆ తర్వాత ఊరందరికీ భోజనం పెడతాం. వీళ్ళది పూర్తిగా తిరగేసిన పద్ధతి. కట్టడం అయ్యాక ప్రతిష్ఠకి ముందు కొన్నాళ్ళు ఎవరైనా రావచ్చు, ఏ మతం వాళ్ళైనా ప్రతి గదీ తిరిగి చూడొచ్చు. ప్రతిష్ఠ అయ్యిందా, తలుపులు మూసినట్టే. ఆ తర్వాత నియమంగా బతుకుతున్నారని సంఘం పెద్ద ఒప్పుకున్నవాళ్ళకే లోపలికి దారి. ఇది నాన్నకి మింగుడుపడలేదు. ఒక రోజు అన్నాలు తింటూ, ఇంత కష్టపడి కట్టి జనానికి మూసెయ్యడమేమిటని అమ్మతో వాదన పెట్టుకున్నాడు. అమ్మ చెప్పలేక తడబడుతోంది. చేప ముల్లు తీస్తూ కూర్చున్న అమ్మమ్మ, ఎవరూ అడక్కుండానే జవాబిచ్చింది. "ఇందులో తెలీకపోడానికేటుంది బాబూ? కొండమీద సామి ఏడాదంతా గంధంలోనే ఉంతాడు గదా. ఒక్క రోజే నిజంగా కనపడతాడు. ఎప్పుడు పడితే అప్పుడు సూత్తే ఆడు దేవుడేటి, పోర్టులో గడియారం అవుతాడు గాని." ఆ తర్వాత గుడి గురించి అమ్మమ్మ ముందు నాన్న ఎప్పుడూ నోరెత్తలేదు. ఆ గుడిని ఇంట్లో అందరికన్నా సులువుగా ఒప్పుకున్న మనిషి అమ్మమ్మే, అదే నాకు మరీ చిరాకు. ఎందుకంటే చివరికి అడ్డం పడిందీ ఆవిడే.

గుడిలో రెండు పనులు ఉంటాయి. బతికున్నవాళ్ళు, అంటే మొగుడూ పెళ్ళాం పిల్లలు, కలకాలానికీ ఒకటిగా ముడిపడటం ఒకటి. రెండోది పోయినవాళ్ళ కోసం. వాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు నీళ్ళలో మునుగుతారు. అవతల ఉన్నవాళ్ళకి ఇష్టమైతే దాన్ని ఒప్పుకుంటారు, లేకపోతే లేదు, బలవంతం లేదు. అమ్మకి కావలసింది ఈ రెండోది. వాళ్ళ నాన్న గురించి అమ్మకి ఒకే ఒక్క జ్ఞాపకం ఉంది. ఇసకలో కూర్చుని వల బాగు చేసుకుంటూ, జడ ఊడిపోయిందని ఏడుస్తూ వచ్చిన కూతురికి వల దారంతోనే బిగించి ముడి వేశాడు. ఆ ముడి విప్పడం ఎవరి తరమూ కాక అమ్మమ్మ కత్తెరతో కోసిందట. అంతే, ఇంకేమీ లేదు, ముఖం కూడా గుర్తులేదు. ఆ మనిషికి తాను కూతురినని గుడిలో రూఢి చేసుకోవాలని అమ్మ ఆశ. కానీ వాళ్ళకో నియమం ఉంది. మరీ పాతకాలం వాళ్ళకైతే అక్కర్లేదు గానీ, ఈ కాలం మనిషికి చెయ్యాలంటే దగ్గరివాళ్ళు ఒప్పుకోవాలి. భార్య బతికుంటే ముందు ఆమె మాటే మాట. కాబట్టి పోలమ్మ ఊఁ అనాలి. అంతే, ఒక్క ఊఁ.

ఆ ఊఁ కోసం నన్ను ఎన్నిసార్లు గాజువాకనుంచి పేటకి బస్సులో తిప్పారో. సెలవు వస్తే చాలు, అమ్మమ్మకి మందులు ఇచ్చిరా, చీర ఇచ్చిరా, మాటల్లో పెట్టి కాస్త అడుగు అని పంపేది అమ్మ. నేను వెళ్ళి అడిగేదాన్ని. అమ్మమ్మ వినపడనట్టు చేపలు తిరగేసేది. ఇంటికి వచ్చి ఏమీ అనలేదని చెబితే, నువ్వు సరిగ్గా అడగలేదు అనేది అమ్మ. ఎలా అడగాలో చెప్పమంటే, ఆవిడ మనసు నొప్పించకుండా అడగాలి అనేది. నీ మొగుడు చచ్చిపోయాడని ఒప్పుకో అన్న మాటని మనసు నొప్పించకుండా ఎలా అడుగుతారో నాకు ఈ వయసులో కూడా తెలీదు. ఆ మాట మా ఇంట్లో పైకి అన్నది నేనొక్కదాన్నే. తాత చచ్చిపోయాడు, అందరికీ తెలుసు, ఎందుకీ నాటకం అని అరిస్తే, ఇద్దరూ కలిసి నన్నే తిట్టారు. ఆ ఒక్క విషయంలో తల్లీకూతుళ్ళకి భలే కుదిరేది.

ఈలోగా ప్రయాణం ఖాయమైంది. నాన్న షెడ్డులో పాత మిషను అమ్మి, సంఘం వాళ్ళు చేయి కలిపి, మా ముగ్గురికీ హాంకాంగ్ టికెట్లు తెచ్చారు. గుడి లోపల అందరూ తెల్లబట్టలే కట్టాలి. అమ్మకి పొడుగు చేతుల తెల్లగౌను, నాన్నకి తెల్ల ప్యాంటూ చొక్కా తెల్ల టై, నాకో తెల్లగౌను. గాజువాక దర్జీ కొలతలు తీసుకుంటూ, జాలిగా, ఎవరు పోయారమ్మా అని అడిగాడు. ఎవరూ పోలేదన్నాం. నమ్మలేదు. గౌను వచ్చిన రోజు అమ్మ బీరువా అద్దం ముందు వేసుకుని చూసుకుంటోంది. సరిగ్గా అప్పుడే అమ్మమ్మ గంపతో గుమ్మంలోకి వచ్చింది. కాళ్ళనుంచి మెడదాకా తెల్లగా ఉన్న కూతుర్ని చూసి గంప దించడం కూడా మర్చిపోయింది.

"మొగుడు బతికుండగా తెల్లబట్టేటే నీకు?" అంది. అమ్మ కంగారుగా, అక్కడ అందరూ ఇవే కడతారమ్మా, ఆఫీసరూ కూలీ అని తేడా తెలీకుండా, అని ఏదో చెప్పబోయింది. "మొగుడున్నదీ మొగుడు నేనిదీ కూడా ఒక్కలాగే కనపడతారా?" అంది అమ్మమ్మ. "కనపడతారమ్మా" అంది అమ్మ. "అక్కడ ఆ తేడా కూడా ఉండదు." అమ్మమ్మ గంప దించింది. గుమ్మంలోనే కూలబడి, ఆ గౌను అంచు పట్టుకుని కుట్టు చూసింది. చేపల చేతులు తగిలి మరక పడుతుందని నేను గౌను లాగబోతే అమ్మ నన్ను ఆపింది. ఆ రోజు అమ్మమ్మ టీ తాగడానికి బడ్డీకి కూడా వెళ్ళలేదు. పేటలో ఆడవాళ్ళ నోళ్ళనుంచి ఆ బొట్టుని ఎలా కాపాడుకుంటోందో, ఆవిడ అలసిపోయిందో లేదో, అంతవరకూ మాలో ఎవరం అడిగి ఉండలేదు.

మెత్తబడిందనుకుంది అమ్మ. ప్రయాణానికి ముందు నన్ను వెంటబెట్టుకుని పేటకి వెళ్ళింది. అమ్మమ్మ ఇసకలో నెత్తళ్ళు ఆరబెడుతోంది. నా చేతికో కర్ర ఇచ్చి కాకుల్ని తోలమన్నారు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చేపలు సర్దుతూ, ఈసారి ఎవరినీ మధ్యలో పెట్టకుండా తనే అడిగింది. నాన్న పేరు ఆ గుడిలో ఇస్తానమ్మా, నువ్వు ఊఁ అంటే చాలు, ఆయన మనతోనే ఉంటాడు, నువ్వూ నేనూ పోయినా విడిపోం అంది. అమ్మమ్మ చేతిలో ఉన్న చేపలు పరిచేసింది. తర్వాత చేతులు దులుపుకుంది.

"ఆడు పోనాడని నీకు ఎవులు సెప్పినారే?" అంది. ఇన్నేళ్ళైంది కదమ్మా అంది అమ్మ. "ఏళ్ళైతే మనిసి పోతాడేటి? కబురు రానేదు కదా. నువ్వెల్లి సచ్చినోళ్ళలో ఆడి పేరెట్టి ముంచినావనుకో, ఆ పొద్దు ఆడు పోయినట్టు. ఇన్నాళ్ళూ సముద్రం సెయ్యని పని నా సేత్తో నన్ను సెయ్యమంతావా?" నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, కర్ర ఇసకలో గుచ్చి నిలబడ్డాను. కాకులు ఓ వరస నెత్తళ్ళు ఎత్తుకుపోయాయి, దానికీ నన్నే తిట్టారు.

హాంకాంగ్‌లో గుడి చూడగానే నాన్న ముఖం వాడిపోయింది. పత్రికలో బొమ్మ చూసి చుట్టూ తోటా గడ్డీ ఊహించుకున్నాడు. అది ఎత్తైన మేడల మధ్య, రోడ్డు పక్కన, ఇరుకు జాగాలో నిలబడి ఉంది. పైన బంగారు రంగులో బూర ఊదుతున్న దేవదూత. కాసేపు మెడ నొప్పెట్టేలా పైకి చూసి, విశాలంగా ఉన్నచోట ఎవడైనా కడతాడు, ఇరుకులో కట్టడమే పని అని తేల్చాడు. మెల్లగా రాళ్ళ అతుకుల మీద గోరు పెట్టి గీశాడు, గోరు దిగలేదు, తృప్తిపడ్డాడు. మూలరాయి దగ్గర మాత్రం అనుమానంగా చాలాసేపు నిలబడ్డాడు. లోపల అంత నిశ్శబ్దం నేను ఎక్కడా వినలేదు. గాజువాకలో పెరిగినదానికి అది చెవులు మూసుకుపోయినట్టు అనిపించింది. అమ్మానాన్నలు వాళ్ళ క్రతువులకి వెళితే, తెల్లబట్టల్లో ఉన్న ఒక ముసలావిడ నన్ను కూర్చోబెట్టుకుంది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. నా గౌను కాలరు సరిచేసి నవ్వింది. ఆవిడ పెళ్ళైనదో, మొగుడు పోయినదో, అసలు పెళ్ళే కానిదో తెలుసుకుందామని చూశాను. అమ్మ చెప్పింది నిజమే, తెలియలేదు.

తర్వాత నన్నూ పిలిచారు. చిన్న గది, మధ్యలో మెత్తని పీఠం. అమ్మా నాన్నా అటూ ఇటూ మోకరించి చేతులు పట్టుకుంటే, వాళ్ళ చేతుల మీద నా చెయ్యి పెట్టించారు. అక్కడ పలికిన మాటలు నేను రాయను, అవి వాళ్ళవి. ఆ గదిలో ఎదురెదురు గోడలకి పెద్ద అద్దాలు ఉన్నాయి. లేచి నిలబడ్డాక వాటిలో చూడమన్నారు. ఒక అద్దంలో మరో అద్దం, అందులో మళ్ళీ అద్దం. మేము ముగ్గురం, మా వెనక మేము ముగ్గురం, వాళ్ళ వెనక ఇంకా చిన్నగా ముగ్గురం, అలా చివర కనపడకుండా ఉన్నాం. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ ఏడవలేదు. ఆ అద్దం చివరిదాకా, చూపు ఆనినంతమేరా వెతుకుతోంది. ఎవరి కోసమో నాకు తెలుసు. అంతదూరం టికెట్లు పెట్టుకుని వచ్చి, అంత అందమైన గదిలో నిలబడి కూడా ఆ మనిషే మమ్మల్ని వదలడా అని నాకు పట్టలేనంత విసుగొచ్చింది. అమ్మ చెయ్యి మాత్రం వదలలేదు.

మేము లేనప్పుడు ఇంటికి కాపలా అమ్మమ్మే. తిరిగొచ్చేసరికి ఇల్లంతా టీ వాసన. ఏకంగా పొయ్యి మీదే కాచుకుందన్నమాట. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఏటి సూసినారు అని అడిగింది అమ్మమ్మ. అమ్మ గుడి గురించి చెప్పింది, ముసలావిడ గురించి చెప్పింది, అద్దాల గురించి చెప్పింది. అవతలి లోకం దాకా కనపడినట్టుందమ్మా అంది. అమ్మమ్మ అంతా వింది. ఆ తర్వాత చిన్న గొంతుతో, "మరి అందులో ఆడు కనపడ్డాడా?" అంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. అంతే, అమ్మమ్మ ముఖం ఒక్కసారి వెలిగిపోయింది. "నానేటి సెప్పినాను మరి?" అని లేచి, కొంగు దులిపి, మా ముగ్గురికీ టీ పోసేసింది. నాన్న గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. అమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు. పోసిన టీ మాత్రం ఎవరూ తాగలేదు, అమ్మమ్మే మూడూ తాగింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి అమ్మమ్మ జ్వరంతో మంచాన పడి పోయింది. ఆడవాళ్ళు చేరారు. మొగుడు లేనిదానికి పసుపూ కుంకుమా ఏంటని వెనకనుంచి ఎవరో గొణిగారు. అమ్మ సంఘం వాళ్ళు కూడా వచ్చి ఓ పక్కగా నిలబడ్డారు. తన తండ్రి పోయాడని నమ్మి, ఆ నమ్మకం మీద హాంకాంగ్ దాకా వెళ్ళొచ్చిన మా అమ్మ, ఎవరి వైపూ చూడకుండా తల్లి పాదాలకి పసుపు రాసింది. నుదుట ఎప్పటిలాగే రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. ఎర్రచీర కప్పింది. "మా అమ్మ ముత్తైదువు" అంది, అంతే. ఎవరూ మళ్ళీ నోరెత్తలేదు.

ఇప్పుడు అమ్మానాన్నలు సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. నెత్తళ్ళు ఆరబెట్టిన ఇసకలో ఇప్పుడు జనం ఫొటోలు తీసుకుంటున్నారు. కొండమీద సామి నిజరూపానికి అమ్మమ్మ తెల్లారకుండా నడిచి వెళ్ళేది, మేము పోయినసారి కార్లో వెళ్ళి క్యూలో కళ్ళు తిరిగి వెనక్కి వచ్చాం. ఆదివారం ఫోన్ వచ్చాక, మాడిన పప్పు గిన్నె నానబెట్టి, పోట్లాడదామనే అమ్మ దగ్గరికి వెళ్ళాను. నాన్న రసమట్టం తుడుస్తున్నాడు. కొత్త గుడి కట్టడం అయ్యాక, తలుపులు మూసేలోపు వెళ్ళి గోడలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసొస్తాడట. అమ్మ ఆ పాత తెల్లగౌనుకి ఇస్త్రీ చేస్తోంది. మడతల దగ్గర పసుపు తిరిగిపోయింది.

నాకు అప్పగించావేమిటి ఈ గొడవ అని అడిగాను. ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా, నీ తండ్రి, నీ మాటే చాలు కదా, జన్మంతా ఏడ్చావు కదా, ఊఁ అనెయ్యొచ్చు కదా అన్నాను. అమ్మ ఇస్త్రీ ఆపలేదు. "మాయమ్మ ఉన్నప్పుడు అడిగితే కాదంది. ఇప్పుడది నేదు కదా అని సాటుగా సెయ్యమంటావా?" అంది. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ నోట పేట మాట విన్నాను. పోనీ వద్దని చెప్పెయ్ అన్నాను. "వద్దనడానికి నా నోరు రావట్లేదే" అంది. ఔననదు, కాదనదు, గౌను మాత్రం ఇస్త్రీ చేస్తుంది. ఇలాంటి మనుషుల మధ్య పెరిగి నేను ఇంకా మామూలుగా ఉన్నానంటే నాకే ఆశ్చర్యం.

ఇంతలో ఆ కుర్రాడి ఫోన్ మళ్ళీ వచ్చింది. అమ్మ ముందే తీశాను. ఆ అబ్బాయి మంచివాడు, నా పని తేలిక చెయ్యాలని చూశాడు. తాతగారు కనపడకుండా పోయి ఇన్నేళ్ళైంది కాబట్టి పోయినట్టే అనుకోవచ్చండీ, మా పద్ధతిలో దానికి వీలుంది, మీరు ఊఁ అంటే చాలు అన్నాడు. మళ్ళీ అదే ఊఁ. అమ్మ ఇస్త్రీపెట్టె పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్న తుడవడం ఆపాడు. ఆయన పోయాడని మా ఇంట్లో గొంతు చించుకుని అరిచినదాన్ని నేను. ఇప్పుడు అడక్క అడక్క నన్నే అడుగుతున్నారు, ఆ మాట అనడానికి నాకేమీ అడ్డం లేదు. నోరు తెరిచాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"లేదు బాబూ" అన్నాను. "ఆయన గురించి మాకింకా కబురు రాలేదు."